మంటపం సీను తీసెయ్

సాలిగ్రామం, చెన్నై

అమ్మాయీ,

నీ స్క్రిప్టులో పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. పచ్చడి రుబ్బబోతూ అక్క "మిక్సీ!" అని కేకేస్తుంది. ఆటిజం ఉన్న తమ్ముడు చెవులు మూసుకుని బాల్కనీలోకి పోయాకే స్విచ్ వేస్తుంది. ఆ ఇంట్లో పెరిగినవాళ్లు తప్ప ఇంకొకరు రాయలేరది.

అలాంటిది, అక్క పెళ్లి మంటపంలో వాడు తొలిసారి "అక్కా" అని పిలవడం, అందరూ ఏడవడం ఎందుకు పెట్టావు? పిలవకపోతే ప్రేమ లేనట్టా? కథాచర్చల్లో కూర్చునే పెద్దలకు ఆటిజం ఉన్న పాత్ర అయితే లెక్కల మేధావి, లేదంటే దేవుడి బిడ్డ. ఏళ్ల తరబడి ఇదే వరస. నువ్వూ వాళ్ల మాట వినకు.

వాడు మెట్రోలో విన్న "అడుత్త నిలైయం వడపళని" (తర్వాతి స్టేషన్ వడపళని) అనే తమిళ ప్రకటనను పొద్దస్తమానం అంటుంటాడని మూడో పేజీలో రాసి వదిలేశావు. దాన్ని ఎకోలాలియా అంటారు. చాలాసార్లు దానికి అర్థం ఉంటుంది. బయటికి వెళ్లాలనిపించినప్పుడే వాడు ఆ మాట అనేలా, పెళ్లికి ముందు మూడు సీన్లలో నాటు. మంటపంలో మేళం హోరెత్తుతుంటే వాడు మళ్లీ అదే అంటాడు. అక్క పీటల మీంచి లేచి వాడి చెప్పులు వెతుకుతుంది. అక్కడ కట్ చెయ్.

మెల్ట్‌డౌన్ సీను, అంటే చప్పుళ్లూ చికాకులూ తట్టుకోలేక వాడు అదుపు తప్పే సీను, ఉన్నట్టుండి మొదలైంది. చూసేవాళ్లు మొండితనం అనుకుంటారు. పొద్దున చొక్కా లేబుల్ గుచ్చుకోవడం, రోజూ వెళ్లే దారి మారడం, జనరేటర్ మోత, ఇవన్నీ పేరుకున్నాక కుక్కర్ విజిల్ పడాలి. అప్పుడు అక్క బతిమాలకూడదు, పట్టుకోకూడదు. లైటు ఆర్పి, జనాన్ని పంపేసి, మాట తగ్గించాలి. అయిపోయాక వాడు అలిసి నిద్రపోతాడు. ఆ నిద్ర నీ స్క్రిప్టులో లేదు.

ఆటిజం ఉన్న పిల్లాడినే నటింపజేస్తానన్నావు, మంచిది. అయితే క్లాప్ బోర్డు చప్పుడే వాడికి మిక్సీ అవుతుంది. టేక్ చివర్లో, దూరంగా, మెల్లగా కొట్టించు. "యాక్షన్" అని అరవొద్దు, చేత్తో సైగ చాలు. విజిల్, మేళం విడిగా రికార్డు చేసి తర్వాత కలుపు. రోజు పనిని వరసగా బొమ్మల్లో చూపించు, పక్కన ఒక నిశ్శబ్దమైన గది ఉంచు. బాలనటులకు చట్టం రోజుకు 5 గంటలే ఇస్తుంది, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. కలెక్టర్ అనుమతి ముందే తీసుకో.

ఇక వాణ్ణి స్నానాల గదిలో చూపించే సీను. దాన్ని థియేటర్లో మీ తమ్ముడి పక్కన కూర్చుని చూడగలవా? ఆ జవాబు నాకు రాయి, మిగతా సీన్ల సంగతి తర్వాత.