టెక్ సందేహాలు: తీగ ఉండగా గాలిలో దేవులాట ఎందుకు?

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంటులో ఉంటాను. తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. 2011లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 7. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఉన్నాయి కాబట్టి దాన్ని వదల్లేను. పిల్లలకు పద్యాలు, గుడివాళ్లకు కరపత్రాలు అందులోనే చేసిస్తాను. ఈమధ్య ఫైబర్ నెట్ పెట్టించాం. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వైఫై ప్రింటర్ పంపాడు. ఫోన్ నుంచి ప్రింట్ బాగానే వస్తోంది. కంప్యూటర్‌కు చిన్న వైఫై డాంగిల్ తగిలిస్తే పక్కింటివాళ్ల వైఫై కనిపిస్తోంది గానీ మాది కనిపించడం లేదు. కంప్యూటర్ మార్చెయ్యమని అందరూ అంటున్నారు. వేరే దారి లేదా?

జవాబు: మార్చనక్కర్లేదు మాస్టారూ. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది వచ్చింది 2001లో. ఆ తర్వాత దాని కంపెనీ అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. అయినా మనవైపు శుభలేఖ దగ్గర్నుంచి దినకార్యం కార్డు దాకా ఇప్పటికీ దాని మీద తయారవుతూనే ఉన్నాయి. అందుకే చాలా డీటీపీ షాపుల్లో ఓ మూల ఒక ముసలి కంప్యూటర్ కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ కదపరు.

పక్కింటివాళ్లది కనిపించి మనది కనిపించలేదంటే డాంగిల్ బాగానే ఉందన్నమాట. ఇళ్లలో వైఫై మామూలుగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు రకాల రేడియో తరంగాల మీద వస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది. రెండోది వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలు అడ్డం వస్తే నీరసించిపోతుంది. చవక డాంగిళ్లలో చాలావాటికి 2.4 తప్ప రెండోది వినపడదు. మీ రూటర్ పెట్టినాయన 5 ఒక్కటే ఆన్ చేసి వెళ్లి ఉండొచ్చు. పేరు చివర 5జీ అని కనిపిస్తే అనుమానించండి (ఈ 5జీకీ సెల్‌ఫోన్ 5జీకీ ఏ చుట్టరికమూ లేదు). 2.4 కూడా ఆన్‌లోనే ఉంటే రెండో అనుమానం ఛానెల్ మీద, అంటే ఆ బ్యాండ్ లోపలి దారి మీద. మన దేశంలో 2.4లో 13 ఛానెళ్లు వాడొచ్చు. అమెరికా లెక్కన తయారైన డాంగిళ్లు 11 దాకానే చూస్తాయి. రూటర్ తనంతట తాను 12కో 13కో వెళ్లి కూర్చుంటే, ఫోన్లకు కనిపించే వైఫై మీ కంప్యూటర్‌కు కనిపించదు.

సరిచేయడానికి ఫోన్ చాలు. ఫోన్ మీ వైఫైలో ఉండగా బ్రౌజర్‌లో 192.168.1.1 అని, అది తెరుచుకోకపోతే 192.168.0.1 అని కొట్టండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటాయి. వైర్‌లెస్ విభాగంలో 2.4కు వేరే పేరు పెట్టండి. ఛానెల్ ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి, ఈ మూడూ ఒకదాని మీదికి ఒకటి రావు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఉంచండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత డాంగిల్‌కు పేరు కనిపించినా పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వదు. అలాగని పాత కంప్యూటర్ కోసం మరీ కిందికి దిగి డబ్ల్యూఈపీ పెట్టకండి, అది తలుపుకు తాళం బదులు దారం కట్టినట్టే. ఎలాగూ లోపలికి వెళ్లారు కాబట్టి రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చి, డైరీలో రాసుకోండి.

ఇదంతా అడిగారు కాబట్టి చెప్పాను. నా మాట వింటే ఆ డాంగిల్ తీసి సొరుగులో పడేయండి. మీ డెస్క్‌టాప్ కదిలేది కాదు, రూటరూ కదిలేది కాదు. ఒకే ఇంట్లో ఉన్న ఆ రెండింటి మధ్య ఒక లాన్ కేబుల్ వేయండి. డెస్క్‌టాప్ వెనక, ఫోన్ వైరు పట్టే కంత కంటే కాస్త వెడల్పు కంత ఉంటుంది, అదే. రెండో కొస రూటర్‌లో లాన్ అని రాసినవాటిలో దేనికైనా పెట్టొచ్చు. పక్కనున్న చిన్న లైటు వెలిగితే పని అయినట్టే, పాస్‌వర్డ్ అడగదు, బ్యాండ్ల గొడవ లేదు. మన పాత ఇళ్ల గోడలు ఎంత మందమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గోడల్లోంచి వైఫైని లాక్కురావడం కంటే గుమ్మం అంచున కేబుల్ వేసి మేకులు కొట్టుకోవడం నయం. లైటు వెలిగినా నెట్ రాకపోతే డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ దగ్గర పసుపు గుర్తు ఉంటే డ్రైవర్, అంటే ఆ భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, లేదని. అది దించుకోవడానికే నెట్ కావాలి కదా అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ వైరు గుండా కంప్యూటర్‌కు వస్తుంది. అప్పటికి గడిచిపోతుంది.

ఇక ప్రింటర్. దాన్ని అదే ఇంటి వైఫైలో ఉండనివ్వండి. కంప్యూటర్ తీగ మీద, ప్రింటర్ గాలి మీద ఉన్నా ఫర్వాలేదు, రూటర్ ఒక్కటే అయితే ఇద్దరికీ మాటలు కలుస్తాయి. గెస్ట్ వైఫైలో మాత్రం ప్రింటర్‌ను పెట్టకండి. గెస్ట్ అంటే వీధి అరుగు మీద కూర్చోబెట్టడం, లోపలివాళ్లు కనిపించరు. కొందరు ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టె వెనక సొంత రూటర్ ఇంకోటి పెడతారు. అప్పుడు ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి, ప్రింటర్ ఒకదాంట్లో, కంప్యూటర్ ఇంకోదాంట్లో. మా ఇంట్లో ఇదే పొరపాటు నేనే చేసి, ఆదివారం పూటంతా ప్రింటర్‌ను తిట్టాను. రెండో రూటర్‌ను సొంత నెట్‌వర్క్ పెట్టకుండా మొదటిదాన్నే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాక నోరు మూసుకున్నాను.

ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ఒకటి ప్రింట్ తీయండి. అందులో ఐపీ అడ్రస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా నంబరు ఉంటుంది, మామూలుగా 192.168 తో మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూటర్ ఈ నంబర్లను మళ్లీ పంచుతుంది. నిన్నటి నంబరు ఇవాళ వేరేవాళ్లకు పోతే కంప్యూటర్ ఖాళీ ఇంటి తలుపు కొడుతూ ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. 'నిన్న వచ్చింది, ఇవాళ రావడం లేదు' అని నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట ప్రింటర్‌కు ఆ నంబరే ఖాయం చేసేయండి.

ప్రింటర్ డ్రైవర్ దించేముందు కంప్యూటర్ అనే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 32 బిట్టా 64 బిట్టా చూసుకోండి. ప్రింటర్ కంపెనీ సొంత సైట్లో మోడల్ నంబరు కొట్టి, విండోస్ 7 ఎంచుకుని దించండి. గూగుల్‌లో పైన ప్రకటనలుగా వచ్చే డ్రైవర్ సైట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, వాటితో వచ్చేది డ్రైవర్ ఒక్కటే కాదు. విండోస్ 7కు క్రోమ్ 109తోనే ఆగిపోయింది కాబట్టి కంపెనీ సైట్ సరిగా తెరుచుకోకపోవచ్చు. వేరే కంప్యూటర్లో దించి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ చేస్తుంటే డిజిటల్ సంతకం సరిపోలేదని ఆగిపోతే విండోస్ 7కు 2019లో వచ్చిన అప్‌డేట్లు వేసి లేవన్నమాట, అవి వేశాక మళ్లీ ప్రయత్నించండి. ఆ తర్వాత యాడ్ ప్రింటర్‌లో టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని, ఇందాకటి నంబరు ఇవ్వండి. ప్రింటర్‌ను తానే వెతుక్కుంటానని విండోస్ అంటుంది, ఆ అవకాశం ఇవ్వకండి.

మీ మోడల్‌కు విండోస్ 7 డ్రైవర్ అసలు లేకపోతే? పేజ్‌మేకర్‌లోంచి పీడీఎఫ్ చేసి, పెన్ డ్రైవ్ ద్వారానో మెయిల్ ద్వారానో ఫోన్‌కు చేర్చి, అక్కణ్నుంచి ప్రింట్ ఇవ్వండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా, అంటే ఫైలు లోపలే కలిసిపోయేలా చూసుకుంటే అను అక్షరాలు చెదరవు. కాస్త చుట్టు తిరుగుడే గానీ పద్యం పద్యంలాగే వస్తుంది.

ఒక్క హెచ్చరిక. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఆ కంప్యూటర్లో పద్యాలు రాసుకోండి, కరపత్రాలు వేసుకోండి. బ్యాంకు, పెన్షన్, ఓటీపీ పనులు మాత్రం ఫోన్లోనే. అసలు దానికి ఇంటర్నెట్ లేకున్నా ప్రింటర్‌తో పని జరుగుతుంది.

ప్రశ్న: శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నెట్ సెంటర్ నడుపుతున్నాను. కెనాన్ ఎల్‌బీపీ 2900 లేజర్ ప్రింటర్ విండోస్ 10 సిస్టమ్‌కు ఉంది. పక్కన విండోస్ 7 సిస్టమ్ నుంచి షేరింగ్‌లో ప్రింట్ ఇచ్చేవాణ్ని. ఏటైందో గానీ, ఫార్మాట్ చేశాక ఆ పాతదాంట్లో ప్రింటర్ యాడ్ చేస్తుంటే చివర 11బి అనే ఎర్రర్ వస్తోంది. జనం క్యూలో నిలబడుతున్నారు.

జవాబు: మీ ప్రింటర్‌దీ కాదు, వైరుదీ కాదు తప్పు. 2021లో విండోస్ ప్రింటింగ్ వ్యవస్థలో పెద్ద పెద్ద కంతలు బయటపడ్డాయి. ప్రింట్ నైట్‌మేర్ అని పేరు కూడా పెట్టారు ఒకదానికి. వాటిని పూడ్చే క్రమంలో ఆ ఏడాది సెప్టెంబరు అప్‌డేట్ల నుంచి, ప్రింటర్ ఉన్న సిస్టమ్ అవతలివాడి గుర్తింపు గట్టిగా అడగడం మొదలుపెట్టింది. మీ విండోస్ 10కు ఆ పద్ధతి తెలుసు. కొత్తగా ఫార్మాట్ చేసిన విండోస్ 7కు తెలియదు. అదే ఈ 11బి.

రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో ఒక విలువ సున్నా చేస్తే పోతుందని యూట్యూబ్‌లో చూపిస్తారు. పోతుంది, పూడ్చిన కంత మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి. రోజూ వందమంది పెన్ డ్రైవ్‌లు పెట్టే చోట ఆ పని నేను చేయమనను. దానికి బదులు విండోస్ 7లో ముందుగా ఆ ప్రింటర్ డ్రైవర్ విడిగా వేయండి. తర్వాత యాడ్ లోకల్ ప్రింటర్, క్రియేట్ న్యూ పోర్ట్, లోకల్ పోర్ట్ ఎంచుకోండి. పోర్ట్ పేరు అడిగినప్పుడు రెండు బ్యాక్‌స్లాష్‌లు, విండోస్ 10 సిస్టమ్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు కొట్టండి. ఖాళీలు లేకుండా చిన్న షేర్ పేరు పెట్టుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ఎక్కువసార్లు దీంతో నడుస్తుంది.

నేనైతే ఇదీ చేయను. రెండు సిస్టమ్‌లకు ఒక ప్రింటర్ పంచే యూఎస్‌బీ షేరింగ్ స్విచ్ దొరుకుతుంది, చిన్న పెట్టె, ఒక బటన్. అటు నొక్కితే ఆ సిస్టమ్, ఇటు నొక్కితే ఈ సిస్టమ్. విండోస్ ఎన్ని అప్‌డేట్లు తెచ్చినా ఆ బటన్‌కు ఎర్రర్ రాదు. కేబుల్ 5 మీటర్లు దాటకుండా చూసుకోండి. రూటర్ వెనక యూఎస్‌బీ కంత ఉంది కదా, దానికే తగిలిద్దాం అనుకోకండి. 2900 లాంటివి పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్ మీదే పెడతాయి, రూటర్‌తో వాటికి కుదరడం కష్టం.

క్యూలో పేజీ ఇరుక్కుని డిలీట్ కూడా కానప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ చేస్తూ కూర్చోకండి. సర్వీసెస్‌లో, ప్రింట్ పనులను వరుసలో పంపే ప్రింట్ స్పూలర్‌ను స్టాప్ చేసి, విండోస్ ఫోల్డర్లో సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ లోపలున్న ఫైళ్లు తీసేసి మళ్లీ స్టార్ట్ చేయండి. అర నిమిషం పని.

ప్రశ్న: బొబ్బిలి మాది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్. రెండు నెలలు కూతురి దగ్గర ఉండి వచ్చేసరికి ప్రింట్‌లో గీతలు పడుతున్నాయి. హెడ్ క్లీనింగ్ పది సార్లు చేశాను.

జవాబు: పది సార్లా అమ్మా! ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు లోపలి స్పాంజిలోకి పోతుంది, అది నిండితే ఇంకో ఖర్చు. రెండు మూడు సార్లు చేసి, స్విచాఫ్ చేసి, రాత్రంతా వదిలేయండి. ఎండిన ఇంకు నానుతుంది. పొద్దున్న నాజిల్ చెక్ అనే పరీక్ష పేజీ తీసి చూడండి. ఇకమీదట ఊరెళ్లేటప్పుడు గోడ స్విచ్ కాకుండా ముందు ప్రింటర్ బటన్‌తోనే ఆపండి, అప్పుడే హెడ్ తన మూత కిందికి వెళ్లి కూర్చుంటుంది. ఇంట్లో ఉంటే వారానికో రంగుల పేజీ తీయండి.

ప్రశ్న: పలాస దగ్గర పల్లె మాది. కరెంటు పోయినప్పుడల్లా రూటర్ ఆగిపోతోంది. మినీ యూపీఎస్ కొంటే లేజర్ ప్రింటర్ కూడా దానికే పెట్టొచ్చా?

జవాబు: వద్దు. లేజర్ ప్రింటర్ లోపల పొడి ఇంకును కరిగించి కాగితానికి అతికించే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. మినీ యూపీఎస్ సంగతి వదిలేయండి, కంప్యూటర్ యూపీఎస్ కూడా కీచుమంటుంది. రూటర్‌కు మాత్రం మినీ యూపీఎస్ మంచిదే. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉంటే అన్నే ఉండాలి, ఎక్కువ వాటికి 12. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండొచ్చు, తక్కువైతే రూటర్ ఆగి ఆగి లేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత మా చుట్టాల ఊళ్లో కరెంటు వచ్చిన మొదటి గంటలోనే రెండు అడాప్టర్లు కాలిపోయాయి. అన్నీ ప్లగ్గులోనే ఉంచేశారు మరి. గాలివాన మొదలవగానే పీకేయండి, కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగి పెట్టండి. ఇంకోటి, మీ ఇంట్లో రూటర్ వెలుగుతూ ఉన్నా, నెట్ ఇచ్చేవాళ్ల వైపు కరెంటు లేకపోతే నెట్ రాదు. ఫైబర్ పెట్టె మీద లాస్ (ఎల్ఓఎస్ అని రాసి ఉంటుంది) అనే లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే లైనుకే దెబ్బ, అప్పుడు మీ యూపీఎస్ చేయగలిగిందేమీ లేదు, లైన్‌మన్‌కు ఫోన్ కొట్టండి.