మెషీన్ ఆన్ చేయకుండానే నొప్పి తగ్గింది... బీపీటీ మానేయాలా?

ప్రశ్న: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో ఏడాది చదువుతున్నాను. పోస్టింగ్‌లో ఒక పెద్దావిడ మోకాలి నొప్పికి అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలతో చేసే చికిత్స) ఇచ్చాను. జెల్ రాసి అయిదు నిమిషాలు హెడ్ తిప్పాక చూసుకుంటే మెషీన్ ఆన్ చేయనే లేదు. ఆవిడేమో 'నీ చెయ్యి చల్లగుండ, నొప్పి సగం తగ్గిందమ్మా' అంది. నేను నేర్చుకునేదంతా ఉత్తిదేనా అని టెన్షన్‌గా ఉంది. మానేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరనా?

జవాబు: మానకండి. మీకు పొరపాటున జరిగినదాన్నే పరిశోధకులు కావాలని చేస్తారు. కొందరికి మెషీన్ ఆన్ చేసి, కొందరికి ఆపేసి తేడా చూస్తారు. ఆవిడ నొప్పి తగ్గడంలో ప్లాసిబో ఎఫెక్ట్ పాత్ర ఉండొచ్చు, అంటే అసలు చికిత్స అందకపోయినా అందిందన్న నమ్మకంతోనే ఉపశమనం కలగడం.

అది భ్రమ అనుకోవద్దు. 1978లో అమెరికాలో జ్ఞానదంతాలు తీయించుకున్నవాళ్లకు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. దానికే నొప్పి తగ్గినవాళ్లకు తర్వాత నలోక్సోన్ ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ పనిని అడ్డుకునే మందు నలోక్సోన్. నమ్మకంతో ఒంట్లోనే మార్ఫిన్ లాంటి ఎండార్ఫిన్లు పుడతాయని అప్పుడు బలమైన ఆధారం దొరికింది.

2002లో హ్యూస్టన్‌లో మోకాళ్లు అరిగిన 180 మంది మీద జరిగిన అధ్యయనం మీరు తప్పక చదవాలి. కొందరికి కీహోల్ ఆపరేషన్ (చిన్న గాట్లలోంచి చేసేది) చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. రెండేళ్లు చూసినా, నిజంగా ఆపరేషన్ అయినవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు.

అయితే ప్లాసిబోతో అరిగిన గుజ్జు తిరిగి రాదు. పైగా నొప్పి బాగా ముదిరినప్పుడే జనం మన దగ్గరికొస్తారు. అందులో కొంత ఏమీ చేయకపోయినా తగ్గేదే. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మాత్రం మోకాలి అరుగుదలకు పనిచేస్తాయని ట్రయల్స్‌లో తేలింది. మీ చదువులో గట్టి భాగం అదే, దాని మీద పట్టు సాధించండి.

మీకొచ్చిన సందేహం చాలా విలువైనది. ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేసి నొప్పి మీద పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. లెక్కలంటే ఇష్టమైతే బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల గణాంకాలు) వైపు వెళ్లొచ్చు. క్లినికల్ ట్రయల్స్ ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మన దేశంలో నమోదైన ట్రయల్స్ వివరాలు సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఈ సెలవుల్లో మోకాలి నొప్పివి నాలుగైదు చదవండి, ఉత్తుత్తి చికిత్సను ఎలా రూపొందించారో అర్థమవుతుంది.

ముందు మీ సార్‌కు జరిగింది చెప్పండి. ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు ఆవిడకూ చెప్పాలి, రోగి దగ్గర దాచకూడదు. నొప్పి పదికి ఎంతుందో అడిగి కేస్ షీట్‌లో రాసి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.