సరిహద్దు ఆవల ఉన్న సువార్త సేవకులకు సంఘం డబ్బు పంపవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి ఒక గ్రామ సంఘం. సొసైటీగా రిజిస్టరై ఉంది. మా దగ్గర పెరిగిన దంపతులు చైనాలోని యాంజి పట్టణంలో ఉంటూ, సరిహద్దు దాటి వచ్చే ఉత్తర కొరియా వారి మధ్య సేవ చేస్తున్నారు. వారి కోసం నెలకు ఇరవై వేల రూపాయల దాకా కానుకలు పోగవుతున్నాయి. హైదరాబాద్‌లో ఒక పరిచయస్తునికి రూపాయలిస్తే అక్కడ వారికి యువాన్లు అందుతాయని ఒకరు చెబుతున్నారు. అందులో కొంత ఉత్తర కొరియా లోపలి విశ్వాసులకు చేర్చాలని ఆ దంపతుల కోరిక. ఇది చట్టబద్ధమేనా?
- సంఘ కోశాధికారి

జవాబు: ఆ పరిచయస్తుని చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇక్కడ రూపాయలు తీసుకొని అక్కడ విదేశీ డబ్బు చెల్లించడాన్నే హవాలా అంటారు. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా), 1999లోని సెక్షన్ 3 ప్రకారం, రిజర్వు బ్యాంకు అనుమతి ఉంటే తప్ప, అధీకృత డీలరును (విదేశీ మారకం జరిపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతించిన బ్యాంకు వంటి సంస్థను) తప్పించి విదేశంలో నివసించే వారికి చెల్లింపు చేయరాదు. చేస్తే సెక్షన్ 13 కింద ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. భక్తితో ఇచ్చిన డబ్బుకు ఆ సెక్షన్‌లో మినహాయింపు లేదు.

సరైన దారి ఎల్‌ఆర్‌ఎస్, అంటే వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం. దీని కింద భారతదేశంలో నివసించే ఏ వ్యక్తి అయినా ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు, బహుమతులూ విరాళాలూ కలుపుకొని, బ్యాంకు ద్వారా పంపవచ్చు. అయితే ఇది వ్యక్తులకే గాని సొసైటీలకు, ట్రస్టులకు వర్తించదు. మీలాంటి సంఘాలు పొరబడేది సరిగ్గా ఇక్కడే: కానుకలన్నీ కోశాధికారి ఖాతాలో వేసి, ఆయన పేరుతో పంపుతారు. కాని విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకుకు ఇచ్చే దరఖాస్తు ఫారం ఏ2తో పాటు ఇచ్చే ప్రకటనలో, ఈ డబ్బు నాదేనని పంపేవారు సంతకం చేయాలి. నలభై మంది కానుకను మీ సొంత డబ్బుగా చెబితే అది తప్పుడు ప్రకటన అవుతుంది. కాబట్టి ఇవ్వగలిగిన వారు తమ తమ ఖాతాల నుంచి, తమ పాన్‌తో, బహుమతి అనే నిజమైన కారణం రాసి, యాంజిలోని ఆ దంపతుల పేరునే పంపాలి.

ఉత్తర కొరియా లోపలికి చేర్చే మాట వేరు. అక్రమ ధన చలామణిని, ఉగ్రవాదులకు డబ్బు అందడాన్ని అరికట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ సహకరించని దేశాలుగా గుర్తించిన చోట్లకు నేరుగా గాని, పరోక్షంగా గాని ఎల్‌ఆర్‌ఎస్ డబ్బు పోకూడదన్నది నియమం. ఉత్తర కొరియా చాలా ఏళ్లుగా ఆ సంస్థ ప్రకటించే అత్యధిక ముప్పు జాబితాలో ఉంది. దీనికి తోడు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ దేశంపై 2006 నుంచి విధిస్తూ వచ్చిన ఆంక్షలను మన ప్రభుత్వం కూడా అమలు చేస్తోంది. డబ్బు చైనాలో దిగినా, చివరికి ఎక్కడికి పోతుందో తెలిసి పంపితే ‘పరోక్షంగా’ అన్న మాట మీకే వర్తిస్తుంది. మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. ఒకప్పుడు రష్యాలోని మెన్నొనైట్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) సంఘాల నుంచి బయలుదేరిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో మిషన్ పని చేశారు. దూరదేశపు సంఘం ఒకటి మనల్ని గుర్తుపెట్టుకున్న ఊళ్లు మనవి. అయినా ఈ భాగాన్ని మానుకోమనే నేను చెప్పాలి.

ఇది మీ ఒక్కరి క్షేమం కోసమే కాదు. కెన్నెత్ బే అనే కొరియన్ అమెరికన్ మిషనరీని ఉత్తర కొరియా 2012లో నిర్బంధించి, 2013లో పదిహేనేళ్ల కఠిన శ్రమ శిక్ష విధించింది. ఆయన 2014 నవంబరులో విడుదలయ్యారు. అంతటి శిక్ష పడే చోట, స్థానికుల పేర్లను, ఫొటోలను మీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం వారి ప్రాణాల మీదికి తెస్తుంది. చైనాలో కూడా విదేశీయులు మత సంస్థలు నెలకొల్పడాన్ని, అనుచరులను చేర్చుకోవడాన్ని 1994 నాటి నిబంధనలు నిషేధించాయి. మత స్వేచ్ఛనిచ్చే మన రాజ్యాంగంలోని 25వ అధికరణం అక్కడ రక్షణ ఇవ్వదు. వీసాలో చూపిన పనికి, చేస్తున్న పనికి తేడా లేకుండా చూసుకోమని ఆ దంపతులకు స్పష్టంగా చెప్పండి.

ఇక సొసైటీ ఖాతాలోని డబ్బు విషయానికి వస్తే, పన్ను మినహాయింపు పొందే సంస్థ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యేక అనుమతి లేనిదే ఆ మేరకు మినహాయింపు దక్కదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. విదేశాల నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన నిధులైతే, 2020 సవరణ తరువాత మరొకరికి బదిలీ చేయడమే కుదరదు. దాని బదులు, ఆ దంపతుల తల్లిదండ్రుల వైద్యానికో, ఇక్కడే చదువుతున్న పిల్లలుంటే వారి హాస్టల్ ఫీజుకో, మీ బైలా అనుమతిస్తే తీర్మానం రాసి, చెక్కుతో, రసీదుతో స్థానికంగానే చెల్లించండి. అక్కడి వారి భారం అంతమేరకు తగ్గుతుంది.

ఇప్పటికే ఆ పరిచయస్తునికి ఏమైనా ఇచ్చి ఉంటే, దాచిపెట్టకుండా తేదీలు, మొత్తాలు రాసుకొని ఫెమా తెలిసిన న్యాయవాదిని వెంటనే కలవండి. ఫెమా సెక్షన్ 15 కింద కాంపౌండింగ్‌కు, అంటే తప్పు ఒప్పుకొని నిర్ణయించిన మొత్తం కట్టి వ్యవహారం ముగించుకోవడానికి, దరఖాస్తు చేసుకొనే వీలుంది.