తీరిందని చెప్పవలసింది ఎవరు?

ప్రశ్న: కంపెనీలు అడిగే ‘కస్టమర్ సంతృప్తి’, పెద్దలు చెప్పే తృప్తి ఒకటేనా? సంతృప్తిని నిజంగా అంకెల్లో కొలవవచ్చా?

ఒక ఫోన్ సేవల సంస్థలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి నాలుగేళ్లు కస్టమర్ల కాల్స్ తీసుకున్నాను, తరువాతి ఐదేళ్లు ఇతరుల కాల్ రికార్డింగులు విని మార్కులు లెక్కగట్టే విభాగంలో ఉన్నాను. ఆ అనుభవంతో ఈ ప్రశ్నకు నా సమాధానం గట్టిగానే చెప్పగలను. ఆ రెండూ ఒకటి కావు. మేము కొలిచినది మరేదో అయి ఉండవచ్చు గాని, సంతృప్తి మాత్రం కాదు. ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వల్ల కలగలేదు. నేను తీసుకున్న వేల కాల్స్‌లో ఒక్క కాల్ వల్ల కలిగింది.

ఆ రోజు ఫోన్ చేసిన పెద్దాయన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. కనెక్షన్ ఆయన భార్య పేరు మీద ఉంది, ఆమె చనిపోయి ఏడు నెలలయింది. నెల నెలా ఆమె పేరుతో బిల్లు వస్తూనే ఉందని, మరణ ధ్రువపత్రం అప్పటికే మూడుసార్లు పంపానని ఆయన చెప్పారు. నేను మామూలుగా వివరాలు రాసుకుంటూ ఉండగా, నిన్న వచ్చిన మెసేజి ఒకటి చదువుతాను వినమన్నారు. ఆమె పేరు పెట్టి, చివర ‘గారూ’ చేర్చి, “చాలా రోజులుగా మీ నుంచి ఒక్క కాల్ కూడా లేదు, అంతా కుశలమేనా?” అని మా యంత్రం పంపిన మెసేజి అది. వాడకం తగ్గిన నంబర్లన్నిటికీ అది దానంతట అదే వెళ్తుంది. ఆయన ఆ వాక్యం సగం చదివి ఆగిపోయారు. హెడ్‌సెట్‌లో గోడ గడియారం చప్పుడు తప్ప నాకు ఇంకేమీ వినిపించలేదు. కస్టమర్ మౌనంగా ఉంటే పది సెకన్లకు ఒకసారి ‘లైన్‌లో ఉన్నారా’ అని అడగాలన్నది మా నియమం. నేను అడగలేదు.

పాత టికెట్లు, అంటే ఆయన ఫిర్యాదుల నమోదులు, తెరిచి చూశాను. ధ్రువపత్రంలో ఆమె పూర్తి ఇంటిపేరు ఉంది, మా ఖాతాలో పొడి అక్షరం మాత్రమే ఉంది. రెండూ సరిపోలడం లేదని యంత్రం దాన్ని మూడుసార్లూ తిప్పి పంపింది, గడువు దాటగానే మూడు టికెట్లూ ‘పరిష్కృతం’ అన్న ముద్రతో వాటంతట అవే మూతబడ్డాయి. సంబంధిత విభాగాన్ని రెండో లైన్‌లో పట్టుకుని, ఎదుటి ఉద్యోగి చేత ఆ పేరు చేత్తో సరిచేయించి, ఖాతా మూయించి, ఆమె నంబరును ప్రచార మెసేజిల జాబితా నుంచి తీయించేసరికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది. అంతా అయ్యాక ఆయన “చాలు బాబూ, ఇంక ఆమె పేరుతో ఏదీ రాకపోతే చాలు” అన్నారు.

పది నిమిషాల తరువాత, మా సంస్థను మీ మిత్రులకు, బంధువులకు సిఫారసు చేసే అవకాశం ఎంత, 0 నుంచి 10 లోపు చెప్పండి అంటూ ఆయనకు మరో మెసేజి వెళ్లింది. ఆయన 6 ఇచ్చారు. కింద ఉన్న గడిలో “మీ కుర్రవాడు మర్యాదగా మాట్లాడాడు. కాని ఈ మాట నేను నాలుగుసార్లు చెప్పవలసింది కాదు” అని రాశారు.

మరునాడు సూపర్‌వైజర్ నన్ను పిలిచారు. 2003లో వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఆ పద్ధతిలో 9, 10 ఇచ్చినవారు మనల్ని మెచ్చేవారు, 7, 8 ఇచ్చినవారు తటస్థులు, 0 నుంచి 6 వరకు ఇచ్చినవారందరూ విమర్శకులే. మెచ్చేవారి శాతంలోంచి విమర్శకుల శాతం తీసివేయగా మిగిలినదే సంస్థ స్కోరు. అంటే, తిట్టి ఫోన్ పెట్టేసి సున్నా ఇచ్చిన మనిషీ, కొలిచి మాట్లాడి ఆరు ఇచ్చిన ఆ పెద్దాయనా మా లెక్కలో ఒక్కటే. నాలుగు మార్కులు ఎక్కడ పోయాయని సూపర్‌వైజర్ అడిగారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు ఉంది. ఆ కాల్‌లో మార్కులేమీ పోలేదు. పోయినదంతా అంతకు ముందు ఏడు నెలల్లోనే పోయింది, దాన్ని ఎంత మర్యాదగా మాట్లాడినా నేను తిరిగి తేలేను.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ఇంటర్వ్యూ చేసి 1959లో చెప్పిన మాట నాకు ఇక్కడే పూర్తిగా అర్థమయింది. అసంతృప్తి, సంతృప్తి ఒకే కర్రకు రెండు కొసలు కావని ఆయన వాదించాడు. జీతం, నిబంధనలు, పై అధికారి తీరు సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది, అవన్నీ సరిచేస్తే అసంతృప్తి పోతుంది, అంతే. సంతృప్తి పుట్టడానికి చేసిన పనిలో సాఫల్యం, దానికి గుర్తింపు వంటివి వేరే కావాలి. ఆయన చెప్పింది ఉద్యోగుల గురించే అయినా, నా దృష్టిలో కస్టమర్లకూ అది అక్షరాలా వర్తిస్తుంది. నేను ఆ పెద్దాయనకు చేసినది ఒక ముల్లు తీయడం. ముల్లు తీసినవాడు, నీకు ఎంత ఆనందంగా ఉందో పదికి మార్కులు వేయమని అడగకూడదు.

తెలుగులో ఈ తేడా ఒక్క క్రియలోనే ఉంది. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది, ముచ్చట తీరుతుంది, కసి తీరుతుంది, తనివి తీరుతుంది. వీటన్నిటికీ ఒకే మాట ఎందుకు వాడుతున్నామో చాలాకాలం ఆలోచించాను. ప్రతిదానిలోనూ ముందుగా ఒక లోటో బాకీయో ఉంది, అది తీరిందో లేదో చెప్పగలిగే మనిషి కూడా ఒకరున్నారు. అప్పు తీర్చేశానని బాకీదారు ఎన్నిసార్లయినా అనుకోవచ్చు, తీరిందని చెప్పవలసింది మాత్రం అప్పిచ్చినవాడు. లాటిన్‌లోనూ సంతృప్తికి వాడిన మాటకు ‘చాలినంత చేయడం’ అనే అర్థం. రోమన్ న్యాయవేత్త ఉల్పియన్, అప్పిచ్చినవాడిని సంతృప్తిపరచడం అప్పు చెల్లించడంతో సమానమని రాశాడు. అంటే రెండూ ఒకటి కాకపోయినా, అప్పిచ్చినవాడు మరో విధంగా సమాధానపడితే చట్టం దాన్ని చెల్లింపుగానే ఒప్పుకుంటుంది. ఐరోపాలో పరువు కోసం ద్వంద్వయుద్ధానికి పిలిచినవాడు కోరినదీ ‘సంతృప్తి’నే. ఎదుటివాడిని చంపడం అందుకు అవసరం కాదు, అవమానపడినవాడు ఇక చాలునంటే పోరు ఆగిపోయేది. పదకొండో శతాబ్దం చివర క్రైస్తవ తాత్త్వికుడు ఆన్సెల్మ్, మనిషి పాపం వల్ల దేవుడి గౌరవానికి పడిన బాకీ ఎలా తీరుతుందని విచారించినప్పుడు కూడా ఆ మాటనే తీసుకున్నాడు. న్యాయం, పరువు, మతం అనే మూడు చోట్లా ‘చాలు’ అనే హక్కు నష్టపోయిన పక్షానిదే.

ఆ హక్కుతో పనిలేని సంతృప్తి నాకు తెలిసి ఒక్క గణిత తర్కంలోనే ఉంది. అక్కడ షరతులన్నీ ఒకేసారి నెరవేరే విలువలు దొరికితే సూత్రం సంతృప్తమైనట్టే, దానికి ఎవరి మనసుతోనూ పని లేదు. మా మొదటి మూడు టికెట్లూ ఆ అర్థంలో సంతృప్తమైనవే. షరతులన్నీ నెరవేరే మూతబడ్డాయి.

మార్కుల విషయంలో మరో బాధ కూడా చెప్పాలి. ఉద్యోగి జీతం ఆ అంకెకు ముడిపడిన రోజు నుంచి, దయచేసి పదికి పది ఇవ్వండి, లేకపోతే నాకు ఇబ్బంది అవుతుందని ఉద్యోగులే వేడుకోవడం మొదలవుతుంది. నా పక్క సీటులోని మనిషి ఆ వాక్యం రోజుకు యాభైసార్లు అనడం నేను విన్నాను. కొలతను లక్ష్యంగా మార్చితే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న సూత్రాన్ని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో రాసిన మాటను బట్టి ఆయన పేరుతోనే చెబుతారు. మా హాలులో దానికి నిదర్శనం ప్రతి పూటా కనిపించేది. జాలిపడి ఇచ్చిన పదిని సంతృప్తిగా లెక్కగట్టడం ఆ కస్టమర్‌కూ, ఆ ఉద్యోగికీ కూడా అన్యాయమే.

పెద్దలు చెప్పే తృప్తికి వస్తే, అది తక్కువతో సరిపెట్టుకొమ్మని చెప్పే సలహా అనుకోవడం పొరపాటు. పతంజలి యోగసూత్రాల్లో సంతోషం ఐదు నియమాల్లో ఒకటి. ఇప్పుడు మనం ఆ మాటను ఆనందానికి వాడుతున్నాం గాని, అక్కడ దాని అర్థం ఉన్నదానితో తృప్తి, దాన్ని సాధన చేయాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ వేరే దారిలో దాదాపు అక్కడికే చేరాడు. మనుషులు అన్నిటికంటే మేలైనదాన్ని వెతకరని, తాము ముందే గీసుకున్న గీతను దాటిన మొదటి అవకాశం దగ్గర ఆగుతారని ఆయన 1956లో రాశాడు, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థులపై 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, అన్నిటికంటే మంచిదే కావాలని వెతికినవారికి 20 శాతం ఎక్కువ ప్రారంభ జీతం దొరికింది గాని, దొరికిన ఉద్యోగం పట్ల వారి తృప్తి మిగతావారికంటే తక్కువగా ఉంది. గీత గీసుకోనివాడికి ‘చాలు’ అనే సందర్భమే రాదు కదా.

అందుకే కొలవక తప్పనప్పుడు నాకు నచ్చేది 1965లో మనస్తత్వవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ ప్రతిపాదించిన నిచ్చెన. అందులోనూ 0 నుంచి 10 వరకు మెట్లే ఉంటాయి. కాని పై మెట్టు అంటే ఏమిటో, కింది మెట్టు అంటే ఏమిటో చెప్పేది ప్రశ్న అడిగినవాడు కాదు, జవాబిచ్చే మనిషే తన జీవితాన్ని బట్టి నిర్ణయించుకుంటాడు. ఆ పెద్దాయనను అలా అడిగి ఉంటే పై మెట్టు మీద ఆయన ఏమి పెట్టుకునేవారో నేను ఊహించగలను. అది మా సంస్థ చేతిలో ఉన్నది కాదు.

మార్కుల విభాగంలోకి వచ్చాక నేను మొదట పట్టుబట్టి చేయించిన మార్పు ఒకటుంది. మరణం కారణంగా ఖాతా మూసిన కాల్స్‌కు ఆ సిఫారసు ప్రశ్న పంపడం ఆపించాను. దానికి బదులు, మావైపు నుంచి ఇంకేమైనా మిగిలిపోయిందా అని ఒక మనిషి వారం తరువాత ఫోన్ చేసి అడిగేవాడు. చాలామంది ఏమీ లేదనేవారు, కొందరు ఇంకా ఒక కాగితం వస్తోందని చెప్పేవారు, ఆ కాగితాన్ని ఆపేవాళ్లం. నెలాఖరు నివేదికలో ఆ వరుసలకు ఎదురుగా మార్కుల గడి ఖాళీగానే ఉండేది.