ఘాట్ రోడ్డెక్కబోయే మేనకోడలికి

చిన్నమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట తిట్టింది. నిన్ను కాదు, నన్ను. దసరా సెలవులకి నువ్వు స్నేహితులతో కలిసి రాజమండ్రి నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు, అక్కణ్ణుంచి భద్రాచలం బండి మీద వెళ్తున్నావట. "దానికి గేర్లు నేర్పింది నువ్వే కదా" అని దాని వాదన. నేర్పాను, కాదనను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య దగ్గర "మన ఇళ్లలో ఆ ఘాట్ ఎక్కబోయే మొదటి ఆడపిల్ల" అని గొప్పలు కూడా పోయాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

అందరూ చెప్పేవి ముందే చెప్పేస్తాను. హెల్మెట్ పట్టీ బిగించు. గ్లవుజులు, చీలమండ కప్పే బూట్లు వేసుకో. టైర్లలో గాలి కంపెనీ స్టిక్కర్ మీద రాసినంతే పెట్టించు, అదీ పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. కొత్త టైరు వేయించే ఉద్దేశం ఉంటే ఇప్పుడే వేయించు, మొదట్లో కొన్నాళ్లు జారుతుంది.

ఇక మలుపు. మలుపులో చేసే పని తక్కువ, పనంతా మలుపు రాకముందే ఉంటుంది. బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించు, గేరు దించు, అప్పుడు తిప్పు. తిరుగుతున్నంతసేపూ యాక్సిలేటర్ సన్నగా ఒకేలా పట్టి ఉంచు. టైరుకున్న పట్టు ఒక్కటే, బ్రేకూ మలుపూ దాన్ని పంచుకోవాలి. వేగం రెట్టింపయితే అదే మలుపుకి నాలుగింతల పట్టు కావాలి. ముప్పైలో పాట పాడుకుంటూ తిరిగిన చోట అరవైలో ప్రాణం పోతుంది. ఏబీఎస్ ఉందనకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ తప్పనిసరి చేశారు, మంచి పనే. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ, వాలిన బండికి లేని పట్టు తెచ్చిపెట్టదు.

దిగేటప్పుడు మా బస్సు డ్రైవర్ల లెక్క ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఈ ఒక్క మాట మీ నాన్న విని ఉంటేనా!

ఇన్నాళ్లూ మీ పిల్లలకి చెప్పలేదు, ఇప్పుడు చెప్పక తప్పదు. మీ అమ్మ కాపురానికొచ్చిన ఏడాది, చింతూరులో చుట్టాలింట్లో పెళ్లికి మీ నాన్నా నేనూ బయల్దేరాం. ఆయనకి అప్పట్లో సెకండ్‌హ్యాండ్ యెజ్డీ మోటారుసైకిల్ ఉండేది. ఆయన నడుపుతున్నాడు, నేను వెనక. మారేడుమిల్లి దాటాక దిగుడు మొదలవగానే ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేశాడు, పెట్రోలు కలిసొస్తుందని. అప్పట్లో చాలామంది చేసేవారు, ఇప్పటికీ చేసే మహానుభావులున్నారు. గేరు లేకపోతే చక్రాన్ని ఆపిపట్టే ఇంజిన్ లేనట్టే, భారమంతా బ్రేకుల మీదే. అవేమో డ్రమ్ము బ్రేకులు. కొన్ని మలుపులు తిరిగేసరికి లైనర్లు మాడిన వాసన నా ముక్కుకి తగిలింది. "బావా, గేర్లో వెయ్యి" అన్నాను. "నువ్వు కూర్చోవయ్యా" అన్నాడు.

ఎడమకి తిరిగే మలుపొచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ కిందికి పోతోంది గానీ బండి ఆగదు. కుడి పక్కకి జరగడం మొదలెట్టింది. ఎదురుగా ఏ బండీ లేదు, ఎడమవైపు రోడ్డంతా ఖాళీ. ఇంకాస్త వంచి ఉంటే తిరిగిపోయేది. కానీ కుడి అంచున సున్నం కొట్టిన కిలోమీటరు రాయి ఒకటి ఉంది. మీ నాన్న దాన్ని చూశాడు, చూసి కళ్లు తిప్పుకోలేకపోయాడు. వెనక కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది, ఆయన మెడ అటే బిగుసుకుపోయింది. అంత రోడ్డు, అంత అడవి వదిలేసి, వెతుక్కుని మరీ ఆ రాయినే గుద్దాడు. నేను తుప్పల్లో పడ్డాను. ఆయన కుడికాలు రాయికీ బండికీ మధ్య నలిగింది. వానాకాలం వస్తే లాగుతోందని నూనె రాసుకుంటాడే, వాలీబాల్ ఆడుతుంటే తగిలిందని మీకు చెప్పాడే, ఆ కాలే.

మీ నాన్న చేతకానివాడు కాదు, ఆ బండిని విప్పి బిగించగలడు. కానీ భయమేస్తే ఎవరి కన్నైనా ఆ భయపెట్టినదాన్నే పట్టుకుంటుంది, చెయ్యి కన్ను వెంట పోతుంది. అందుకని గడ్డం తిప్పు తల్లీ, ఒక్క కనుగుడ్లు తిప్పితే చాలదు. రాయినీ గుంటనీ లోయనీ కాదు, బయటపడే దారిని చూడు. దూరంగా రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనపడే చోటుంటుంది. అది నీకు దగ్గరవుతోందంటే మలుపు బిగుస్తోంది, ఇంకా వేగం తగ్గించాలి. దూరం జరుగుతోందంటే విప్పుకుంటోంది, అప్పుడు మెల్లగా యాక్సిలేటర్ ఇవ్వొచ్చు. తిరగడం లేదనిపిస్తే ఎడమ మలుపులో ఎడమ హ్యాండిల్‌ని కొంచెం ముందుకి నెట్టు. తలకిందులుగా అనిపిస్తుంది గానీ బండి ఎడమకే వాలుతుంది. ఖాళీ రోడ్డు మీద నలభైలో చేసి చూడు, నమ్ముతావు.

ఇప్పుడు నా అసలు భయం, బస్సు. ఆ ఘాట్‌లో ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టినవాణ్ణి. జడపిన్నులా వెనక్కి తిరిగే మలుపులో బస్సు ముందు టైరు వెళ్లిన దారిన వెనక టైరు రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. అందుకే మేం ముందు బయటికంటా తీసుకుంటాం, రోడ్డంతా ఆక్రమిస్తాం. ఆ ఖాళీ చూసి లోపలి పక్క నుంచి దూరావో, డ్రైవర్‌కి నీ హెల్మెట్ కూడా కనపడదు. హారన్ వినగానే ఆగు. ఇరుకు చోట ఎక్కే బండికే దారి, దిగేవాడు ఆగాలి. అవతలివాడు ఆగుతాడని మాత్రం నమ్మకు. కుడి మలుపుల్లో తల పసుపుగీత దాటకూడదు. బండి నీ వైపే ఉన్నా, వాలినప్పుడు తల అవతలికి వెళ్తుంది.

దసరా నాటికి వానలు పూర్తిగా వెనక్కి పోవు. చెట్ల నీడలో రోడ్డు ఆరదు, రాలిన ఆకులు జారుడు. ఊళ్ల దగ్గర రోడ్డు మీద గింజలు ఆరబోస్తారు, చూసుకో. నీ ఫోన్‌లో మోకాలు నేలకి ఆనించే కుర్రాళ్లని చూపించావు కదా, వాళ్లు రేసు ట్రాక్ మీద ఉన్నారు. అక్కడ ఎదురు బస్సు రాదు, కోతి అడ్డం దూకదు.

ముందు వెళ్లే స్నేహితుడి వెనక బ్రేక్ లైట్‌ని చూస్తూ నడపొద్దు. వాడు తప్పు చేస్తే నువ్వూ అక్కడికే పోతావు. వెనకబడితే వెనకబడు, బొంగులో చికెన్ దగ్గర ఆగకుండా ఎవరూ పోరు.

లైసెన్సు టెస్టులో 8 వేశావు కదా, ఈ రెండు ఆదివారాలూ ఖాళీ గ్రౌండ్‌లో అదే వెయ్యి, ముందు చక్రాన్ని చూడకుండా. ప్రయాణానికి ముందురోజు సాయంత్రానికి రాజమండ్రి మన ఇంటికి వచ్చెయ్యి. చైనూ బ్రేకు ప్యాడ్లూ నేను చూస్తాను, మీ అత్తయ్య పులిహోర కడుతుంది. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను. కాలి సంగతి మాత్రం మీ నాన్న దగ్గర ఎత్తకు, నా మీద పడతాడు.

మీ మావయ్య