పిల్లల మానసిక సమస్యల కోసం తల్లిదండ్రులే సంస్థ పెట్టుకుంటే నిలబడుతుందా?

కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళు ఐదు కుటుంబాలట, వాట్సాప్ గ్రూపు నడుస్తోందట. దీన్ని సంస్థగా మార్చాలా, మారిస్తే పెరుగుతుందా, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడిగారు.

మాది హైదరాబాద్‌లో 2017లో నలుగురితో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో రెండుసార్లు మూతపడబోయింది. రెండుసార్లూ డబ్బు వల్ల కాదండి, అందుకే ఆ మాట చివర్న చెప్తాను.

అప్పుడు మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సోషల్ నోట్సు రాయడానికి కూర్చుంటే రాత్రి పదకొండు దాటేది. ఒక లైను రాస్తాడు, చెరుపుతాడు, మళ్ళీ అదే లైను. అక్షరం సరిగ్గా రాలేదంటాడు. ఒకరోజు ఆ నోట్సు తెరిచి చూస్తే ఒక్క పేజీలో నాలుగు చిల్లులు, వాటిలోంచి వెనక పేజీ కనిపిస్తోంది. స్కూల్లో బద్ధకం అన్నారు. మా అత్తగారు దిష్టి అని తాయెత్తు కట్టించారు. నేను రెండు దెబ్బలు వేశాను కూడా, అది ఇప్పటికీ మర్చిపోలేను. నాలుగు నెలల తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఓసీడీ అన్నారు, అంటే వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని మళ్ళీ మళ్ళీ పట్టి పీడించే జబ్బు.

మందులు రాశాక పది రోజులకి మళ్ళీ వెళ్ళాం. లోపల డాక్టర్‌తో మాట్లాడింది పది నిమిషాలు. బయట బెంచీ మీద కూర్చున్నది రెండు గంటలు. మా సంస్థ పుట్టింది ఆ బెంచీ మీదే. పక్కన ఒకావిడ కళ్ళు తప్ప మొహమంతా స్కార్ఫ్ కట్టుకుని కూర్చుంది. వాళ్ళ వీధి మనిషి ఒకరు ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తారట, చూస్తే కాలనీ అంతా తెలిసిపోతుందని భయం. చాలాసేపు మౌనంగా ఉండి, "బాబుకి మందులు మొదలుపెట్టారా అమ్మా?" అంది. మొదలుపెట్టి పది రోజులైంది, ఏమీ మార్పు లేదన్నాను. "కొన్ని వారాలు పడుతుంది, మాకూ అంతే. నెలన్నర దాటాక మా అమ్మాయి ఒకరోజు స్నానం పావుగంటలో ముగించి వచ్చింది" అంది.

మందు పనిచెయ్యడానికి టైమ్ పడుతుందని డాక్టర్ చెప్పే ఉంటారు. నా చెవికెక్కలేదు. ఆవిడ చెప్తే ఎక్కింది. ఎందుకంటే ఆవిడ కూతురు మా వాడికంటే ఏడాది ముందుంది. మా గ్రూపులో ఈ మాటే ఇప్పటికీ వాడతాం: "ఏడాది ముందున్నవాళ్ళు". కొత్తగా ఎవరొచ్చినా మొదట వాళ్ళలో ఒకరి పక్కన కూర్చోబెడతాం.

నలుగురం పది మంది అయ్యాం, పది మంది ముప్ఫై. వాట్సాప్ గ్రూపుకి కావాలనే వంటల గ్రూపులాంటి పేరు పెట్టాం, ఫోన్ పక్కవాళ్ళ చేతికి వెళ్ళినా ఇబ్బంది లేకుండా. (ఎవరో పొరపాటున చేర్చిన ఒక పిన్నిగారు నెలరోజులు చూసి, "ఇందులో ఆవకాయ కొలతలు ఎప్పుడు పెడతారు?" అని అడిగారు.) మొదట్లో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో కలిసేవాళ్ళం. మూడో నెలలోనే "ఇక్కడ పిచ్చి మీటింగులేంటి" అని కొందరు గొడవ చేస్తే ఖాళీ చేశాం. తర్వాత ఒక స్కూల్ లైబ్రరీ ఇచ్చారు, ఆదివారం పదింటి నుంచి పన్నెండు వరకు.

మొదటి దెబ్బ ముప్ఫై మంది అయ్యాక తగిలింది. ఒకరు తమ బాబు మందు పేరు, డోసు గ్రూపులో పెట్టారు. ఇంకొకరు అది చూసి, మా అమ్మాయికి ఎక్కువ రాశారేమో అని భయపడి డాక్టర్‌ని అడక్కుండా మాత్రలు ఆపేశారు. ఆ పాప రెండు వారాల్లో బాగా దెబ్బతింది. ఆ కుటుంబం మమ్మల్ని తిట్టింది, తిట్టాల్సిందే కూడా. గ్రూపు మూసేద్దామనుకున్నాం. మూసెయ్యలేదు కానీ ఆ ఆదివారం నుంచి మందుల పేర్లు రాయకూడదు, ఫలానా డాక్టర్ మంచివాడు ఫలానా ఆయన కాడు అని గ్రూపులో తీర్పులు ఇవ్వకూడదు. ఎవరైనా రాస్తే ఐదు నిమిషాల్లో తీసేస్తాం. కొత్తవాళ్ళకి ఇది మొహమాటం లేకుండా చెప్తాం, కొందరు అలుగుతారు కూడా.

రెండో దెబ్బ ఎవరూ ఊహించనిది. పిల్లలు బాగుపడటం!

పిల్లాడు కుదుటపడి స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టగానే తల్లిదండ్రులు మాయమైపోతారు. ఫోన్ ఎత్తరు, గ్రూపు వదిలేస్తారు. తప్పు పట్టలేం, ఆ రోజులు గుర్తుచేసే మనుషుల్ని మళ్ళీ చూడాలని ఎవరికుంటుంది? కానీ అలా వెళ్ళగా వెళ్ళగా మిగిలేది ఇంకా కష్టంలో ఉన్నవాళ్ళే. 2019 చివరికి మీటింగంటే రెండు గంటల ఏడుపు అయిపోయింది. కొత్తగా వచ్చిన ఒకాయన బయటికెళ్తూ, "ఇక్కడికొచ్చాక ఆశ పోయిందండి" అన్నాడు.

తల్లిదండ్రుల సంస్థలు మనకి కొత్త కాదు. అమెరికాలో నామి అనే పెద్ద సంస్థ 1979లో మాడిసన్ ఊళ్ళో మొదలైంది, దాని వెనక ఉన్నది స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న కొడుకుల తల్లులు ఇద్దరు. ఢిల్లీలో మెర్రీ బరువా అనే తల్లి 1991లో ఆటిజం కోసం యాక్షన్ ఫర్ ఆటిజం పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 1995లో పరివార్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. వీటిని చూసి మేమూ అలాగే పెరుగుతాం అనుకున్నాం. ఒక తేడా గమనించలేదు. వాళ్ళవి చాలావరకు ఏళ్ళ తరబడి, జీవితాంతం వెంట ఉండే సమస్యలు. తల్లిదండ్రులూ అలాగే వెంట ఉంటారు. మావి ఆందోళన, ఓసీడీ, డిప్రెషన్, స్కూలంటే భయం. చాలామంది పిల్లలు వైద్యంతో ఏడాది రెండేళ్ళలో గట్టెక్కుతారు, వాళ్ళతోపాటు మా సభ్యులూ గట్టెక్కి వెళ్ళిపోతారు.

అందుకని వెళ్ళేవాళ్ళని ఆపడం మానేసి ఒక్కటే అడగడం మొదలుపెట్టాం: రెండు నెలలకి ఒక ఆదివారం, ఒక్క గంట రండి. ఏ పనీ చెయ్యక్కర్లేదు, వచ్చి టీ తాగి వెళ్ళండి. పది మందిని అడిగితే ముగ్గురు వస్తారు. ఆ ముగ్గురు చాలు. మీటింగ్ రంగు మారిపోతుంది. మేం పెరిగింది దీనివల్లే అని నా నమ్మకం, మా ట్రెజరర్ మాత్రం ఒప్పుకోరు, లెక్కల పుస్తకం వల్ల అంటారు.

తర్వాత కరోనా. మీటింగులు జూమ్‌లోకి మారాయి. అప్పటిదాకా వచ్చేది దాదాపు అందరూ తల్లులే, తండ్రులు కింద బైక్ మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ళు. జూమ్‌లో కెమెరా ఆపుకోవచ్చు కదా, నల్ల డబ్బాల్లోంచి మగవాళ్ళ గొంతులు వినిపించడం మొదలైంది. ఒకాయన మూడు వారాలు ఏమీ మాట్లాడలేదు. నాలుగో వారం, "నేను మా వాణ్ణి బెల్టుతో కొట్టాను" అని ఆపేశాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకో నల్ల డబ్బా, "నేనూ" అంది. అదే జూమ్‌లో ఖమ్మం, కరీంనగర్ వాళ్ళు చేరారు, డాలస్ నుంచి రెండు తెలుగు కుటుంబాలు చేరాయి. ఇప్పుడు నెలకి రెండు మీటింగులు ఎదురుగా, రెండు ఫోన్లో.

రాత్రి ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే వారం మాకు టెన్షన్ వారం. 2019లో ఆ ఫలితాల తర్వాత తెలంగాణలో ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో మేమే వంతులేసుకుని రాత్రుళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళం. అది మా పని కాదని, మాకు చేతకాదని ఆలస్యంగా తెలిసింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలుపెట్టాక 14416 నంబరే ఇస్తున్నాం. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చినట్టనిపిస్తే ఫోన్లతో ఆగకుండా నేరుగా ఆస్పత్రికే.

స్కూళ్ళలోకి వెళ్ళడం ఇంకా కష్టంగానే ఉంది. "మా దగ్గర అలాంటి పిల్లలు లేరండి" అంటారు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో 7.3 శాతం మందికి ఏదో ఒక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది క్లాసులో ముగ్గురు. ఇది చెప్పాక కొందరు హెడ్మాస్టర్లు కుర్చీ చూపిస్తారు, కొందరు గేటు చూపిస్తారు.

ఇక డబ్బు. ఒక్కో కుటుంబం నెలకి రెండొందలు, ఇవ్వలేనివాళ్ళని అడగం. హాలు, టీ, జూమ్ ఖర్చు, ఏడాదికోసారి ఆడిటర్ ఫీజు దాంట్లోనే. ఒక కంపెనీ సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు, ఇస్తామంది, పిల్లల ఫొటోలు, "అప్పుడు ఎలా ఉన్నారు, ఇప్పుడు ఎలా ఉన్నారు" అని వీడియోలు కావాలంది. వద్దన్నాం. ఆ డబ్బుంటే ఒక కౌన్సెలర్‌ని పెట్టుకునేవాళ్ళమే, ఆ బాధ లేదని చెప్పను.

రిజిస్ట్రేషన్ మీకు కొంచెం పెద్దయ్యాక తప్పదు. సొసైటీ పేరు మీద బ్యాంకు ఖాతా, తర్వాత దాతలకి ఆదాయపన్ను మినహాయింపు అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అంతే. మా దగ్గర అరవై కుటుంబాలున్నాయి, ఏడు పేర్లు దొరకలేదు! కాగితం మీద పేరుంటే రేపు అమ్మాయికి సంబంధాలు రావని భయం. ఐదుగురు సంతకం పెట్టారు. మిగతా ఇద్దరి కోసం ఎనిమిది నెలలు తిరిగాం.

చివరికి ఇద్దరు తాతయ్యలు పెట్టారు. ఒకాయన రిటైర్డ్ తహసీల్దారు, దరఖాస్తులో మేం చేసిన తప్పులు కూడా ఆయనే దిద్దారు. మీరూ ఐదుగురే అంటున్నారు కాబట్టి ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి.