ఇంజన్ వణుకుతోంది, ఏ మెకానిక్ మాట నమ్మాలి?

సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు కారు వణుకుతోందని, ఒక మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలు) మార్చాలంటే మరొకరు ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టేందుకు అధిక వోల్టేజీ ఇచ్చే భాగం) మారిస్తే చాలన్నారని, ఎవరిని నమ్మాలని మీరు అడిగారు. ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టించండి. పీ0301 కోడ్ వస్తే ఒకటో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. ఏ భాగం చెడిందో అది చెప్పదు.

సిలిండర్‌కొక కాయిల్ ఉన్న ఇంజన్ అయితే, ఒకటో కాయిల్‌ను మూడో సిలిండర్‌కూ, మూడోదాన్ని ఒకటికీ బిగించి, కోడ్ చెరిపి మళ్లీ నడపాలి. ఇప్పుడు పీ0303 వస్తే, అంటే లోపం కాయిల్‌తో పాటే మూడో సిలిండర్‌కు వెళితే, దోషం కాయిల్‌దే. కోడ్ మారకపోతే స్పార్క్ ప్లగ్‌ను కూడా ఇలాగే పరీక్షించాలి. ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) సంగతి ఆ తర్వాతే.

ఇదంతా మీ ఎదుటే చేసి చూపే మెకానిక్‌ను నమ్మండి. బానెట్ ఎత్తకుండానే ధర చెప్పేవారికి కారు అప్పగించవద్దు. ఇంజన్ హెచ్చరిక దీపం ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటుంటే మాత్రం అసలు నడపకండి, మండని పెట్రోలు వల్ల పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు.